నువ్విచ్చిన వాచీ సంగతి

తార్నాక,
ఆదివారం మధ్యాహ్నం.

చిరంజీవి కిట్టుకు,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ నేనూ నాన్నగారూ ఆరోగ్యంగా ఉన్నాం. నువ్వూ బాగున్నానని రాశావు. అది నిజమే అయి ఉండాలని కోరుకుంటున్నాను.

నీ ఉత్తరానికి జవాబు ఇంకా రాలేదేమని ఫోన్‌లో రెండుసార్లు అడిగావు. పని ఎక్కువగా ఉందన్నాను. పని ఉన్న మాట నిజమే గానీ, ఆలస్యానికి కారణం అది కాదు. నువ్వు హాస్టల్లో ఉన్నప్పుడు మొదలైన ఈ ఉత్తరాల అలవాటు ఇప్పటికీ పోనందుకు ఇవాళ సంతోషిస్తున్నాను. ఫోన్‌లో అయితే నువ్వు "అమ్మా, మీటింగ్" అంటావు, నేను చెప్పాలనుకున్నది మింగేస్తాను. కోయంబత్తూరు దాకా ఈ కాగితం చేరేలోపు నన్ను ఆపేవాళ్లు లేరు.

ముందు నువ్వడిగినవాటికి చెబుతాను. మోకాలి నొప్పి తగ్గింది. ఆఫీసు మెట్లు ఆగకుండానే ఎక్కుతున్నాను. నాన్నగారు పొద్దున్నే యూనివర్సిటీ క్యాంపస్‌లో నడుస్తున్నారు. లైబ్రరీలో తనతో పనిచేసి రిటైరైన ఇద్దరు తోడు దొరికారు. ఆర్ట్స్ కాలేజీ ఎదురుగా కూర్చుని లోకం సంగతులన్నీ తేల్చి, తార్నాక చౌరస్తాలో ఇడ్లీ తిని, ఇంటికొచ్చి ఆకలి లేదంటారు. చొక్కా మీద చట్నీ మరక నేను చూడలేదనుకుంటారు.

ఇక మిగిలినవి రెండు ప్రశ్నలు. "దసరా ఫొటోలో నీ చేతికి నేనిచ్చిన వాచీ ఉంది, వనభోజనాల ఫొటోలో లేదు. నచ్చలేదా అమ్మా?" అని ఒకటి. "శశిధర్ గారని ఒకాయన హైదరాబాద్‌లోనే ఉంటారు, వచ్చి కలుస్తారు, కాస్త బాగా మాట్లాడు, మన వ్యాపారానికి పనికొస్తారు" అని రెండోది. ఈ రెండింటికీ జవాబు ఒకటే కిట్టూ. అందుకే మొదటినుంచీ చెబుతాను.

ఆగస్టులో నువ్వొచ్చినప్పుడు ఆ పెట్టె నా చేతిలో పెట్టి, "బోనస్ వచ్చిందమ్మా. ఓనర్‌వి, ఓనర్‌లా కనపడాలి" అన్నావు. అబద్ధం చెప్పను, నాకు నచ్చింది. మైక్రోస్కోపులూ త్రాసులూ బాగుచేసే కంపెనీ పెట్టినప్పటినుంచీ నా చేతికి ఉన్నది నల్ల పట్టీ వాచీ ఒక్కటే. నువ్విచ్చింది పెట్టుకుని అద్దం ముందు చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసుకున్నాను. దాని ఖరీదు ఎంతని నిన్నడగలేదు. అడిగితే బాధపడతావనుకున్నాను.

మొదటి వారంలోనే దాని మహిమ చూశాను. హబ్సిగూడలో కొత్తగా పెట్టిన ప్రైవేటు ల్యాబు ఒకటుంది. అంతకుముందు వెళ్తే రిసెప్షన్‌లో కూర్చోబెట్టి, సార్ లేరని పంపేసేవాళ్లు. ఈసారి మేనేజరే బయటికొచ్చాడు. కరచాలనం చేస్తూ నా మణికట్టు చూశాడు. "లోపలికి రండి మేడం, కాఫీయా, టీయా?" అన్నాడు. అదే నేను, అవే మాటలు, అదే రేటు. పని మనకే వచ్చింది.

తిరిగొస్తూ కారులో మన టెక్నీషియన్ భూపాల్ నవ్వాడు. "నేను ముందుగాలనే అనుకున్న మేడం. ఓనర్ అంటే గిట్లనే ఉండాలె. కస్టమర్ ముంగట దర్జా లేకుంటే మనల్ని ఎవడు లెక్కజేస్తడు?"

నాకు నిజంగానే గర్వమనిపించింది. కొడుకు ముందుచూపు ఉన్నవాడనుకున్నాను.

దసరాకు ఆఫీసులో ఆయుధపూజ చేశాం. ఏటా ఆరోజే అందరి జీతాలూ పెంచుతాను కదా. ఈసారి క్యాంపస్ నుంచి బిల్లులు రాలేదు. ప్రసాదం పంచి, "ఈసారి కొంచెం ఓపిక పట్టండి, బిల్లులు రాగానే పెంచుతాను" అన్నాను. ఎవరూ నా ముఖం చూడలేదు. కొబ్బరిముక్క పట్టుకున్న నా చేతిని చూశారు.

ఆ తరువాత నేను లోపలికి రాగానే మాటలు ఆగిపోవడం మొదలైంది. అంబర్‌పేట్ నుంచి వచ్చే నవ్య నీకు తెలుసు కదా, లెక్కలు చూసే అమ్మాయి. నేను వెనక నిలబడితే ఫోన్ బోర్లా పెట్టేసేది. భూపాల్ కూతురి ఫీజుకు అడ్వాన్సు అడగాల్సిన సమయమది, అడగలేదు. ఎక్కడ తెచ్చుకున్నాడో చెప్పలేదు. నాకు ప్రతివాళ్ల మీదా అనుమానం పట్టుకుంది. వేరే ఉద్యోగాలు వెతుక్కుంటున్నారేమో, మన కస్టమర్లను పట్టుకుపోతారేమో అని రకరకాలుగా ఊహించుకున్నాను.

దానికి తోడు సోమయాజులుగారు. నాన్నగారి స్నేహితుడు, క్యాంపస్‌లో మన మొదటి కస్టమర్. ఆయన డిపార్టుమెంటుకు వెళ్తే ఎప్పటిలాగే కాఫీ తెప్పించారు. మాట్లాడుతూ, "చేతికి కొత్త వాచీలా ఉందే! వ్యాపారం బాగుందన్నమాట వైదేహిగారూ" అన్నారు. నవ్వుతూనే అన్నారు. తరువాతి వారమే ఆ డిపార్టుమెంటు మన మరమ్మతు పనులకు ఇంకో రెండు కంపెనీల కొటేషన్లు అడిగిందని తెలిసింది. ఇన్నేళ్లలో ఎప్పుడూ అడగలేదు. మన దగ్గరివాళ్లే ఎవరో చాడీలు మోశారని నా అనుమానం.

నవ్యను గదిలోకి పిలిచి తలుపు వేశాను. "నా వాచీ గురించి బయట ఏం చెప్పావు?" అని సూటిగా అడిగాను.

ఆ పిల్ల ముఖం తెల్లబోయింది. "ఎవ్వరికీ ఏం చెప్పలే మేడం. ఫోన్ల దాని రేటు చూసిన. అది మాత్రం నిజం. భూపాలన్నకు చూపించిన. గంతే."

"ఎందుకు చూశావు?"

"జీతం పెరగలేదు కదా మేడం. కోపమొచ్చింది. చూసిన." కళ్లనీళ్లు తుడుచుకుని ఆ రేటు నాకూ చూపించింది. అది భూపాల్ ఏడాది జీతం కంటే ఎక్కువ.

"కంపెనీ డబ్బు కాదమ్మా. మా కిట్టు కొనిచ్చాడు" అన్నాను.

నవ్య తల ఊపింది. ఎగతాళి ఏమీ లేకుండా అడిగింది. "అన్నకు అంత జీతం వస్తదా మేడం? మా తమ్ముడు గూడ హాస్పిటల్ పర్చేజ్‌లనే చేస్తడు, అందుకే అడిగిన."

ఏదో సర్దిచెప్పి పంపించాను. హాస్పిటల్‌కు మెషీన్లు కొనే ఉద్యోగంలో నీ జీతం ఎంతో నాకు తెలుసు. ఇంటి అద్దె, కారు వాయిదా తెలుసు. బోనస్ అన్నావు కదా అని నాకు నేను చెప్పుకుంటూ పోయాను. అంతవరకూ ఊళ్లోవాళ్లందరినీ అనుమానించినదాన్ని, ఆ ఒక్క వైపు చూడటానికి మాత్రం ధైర్యం చాలలేదు.

కార్తీకమాసంలో క్యాంపస్‌లో ల్యాబు పరికరాల ఎగ్జిబిషన్ పెట్టారు. మనం ఒక టేబుల్ తీసుకున్నాం. నేనూ భూపాలూ నవ్యా కూర్చున్నాం. ఎదురుగా పెద్ద కంపెనీ స్టాలు. అందులోంచి కోటు వేసుకున్నాయన ఒకరు వచ్చి నమస్కారం పెట్టి, "వైదేహి మేడం కదా? నేను శశిధర్‌ని. మీ అబ్బాయి హాస్పిటల్స్‌కి మా మెషీన్లే సప్లై చేస్తాం" అన్నాడు. నీ గురించి నాలుగు మంచి మాటలు చెప్పాడు. అంతలో నా చేయి చూశాడు. ముఖం విప్పారింది.

"ఓ, అమ్మగారికి ఇచ్చారా! కిట్టు గారికి నచ్చిందో లేదో అనుకున్నాం మేడం. ఆయన చేతికి ఎప్పుడూ కనపడలేదు."

"ఏది నచ్చడం?" అన్నాను.

ఆయన తేరుకున్నాడు. "అదే మేడం, మా సర్వీసు" అని నవ్వి, కార్డు టేబుల్ మీద పెట్టి వెళ్లిపోయాడు. నవ్య కరపత్రాలు సర్దుతోంది. సర్దినవే మళ్లీ సర్దుతోంది. భూపాల్ లేచి నీళ్లు తెస్తానని వెళ్లాడు. ఆ ఇద్దరిలో ఎవరూ ఆరోజు నా ముఖం చూడలేదు. కొడుకు కొనిచ్చాడని వాళ్లకు చెప్పింది నేనే కదా.

వాచీ అక్కడే తీసి బ్యాగులో వేసుకున్నాను. ఆ సాయంత్రం నీకు ఫోన్ చేసి, "బోనస్ అందరికీ ఇచ్చారా, నీకొక్కడికేనా?" అని అడిగాను. గుర్తుందా? "ఎందుకమ్మా ఇప్పుడు?" అని, నాన్నగారి బీపీ సంగతి ఎత్తావు. నీ చిన్నప్పటినుంచీ నిన్ను ఎరుగుదును కిట్టూ. అబద్ధం చెప్పాల్సినప్పుడు నువ్వు ఎదుటివాళ్ల ఆరోగ్యం అడుగుతావు.

తరువాత సోమయాజులుగారి దగ్గరికి వెళ్లాను. "మా పని మీద ఏమైనా అనుమానం ఉంటే నన్నే అడగండి" అన్నాను. ఆయన ఆశ్చర్యపోయారు. "అయ్యో, అది మీ ఒక్కరికే కాదండీ. పైనుంచి రూలు మారింది. అన్ని పనులకూ మూడు కొటేషన్లు ఉండాలట." కాఫీ కప్పు నా వైపు జరిపి, "వాచీ చూడలేదని మాత్రం చెప్పను. చూశాను. మనమిచ్చే డబ్బు ఎటు పోతోందా అని ఒక ఆలోచన వచ్చింది. వచ్చినందుకు సిగ్గుపడ్డాను" అన్నారు. సిగ్గుపడాల్సింది ఆయన కాదని చెప్పలేక, కాఫీ తాగి వచ్చేశాను.

ఆ తరువాత నీ ఉత్తరం వచ్చింది, శశిధర్‌తో బాగా మాట్లాడమని. దాని వెనకే ఆయనా మన ఆఫీసుకు వచ్చాడు. స్వీటు పెట్టె తెచ్చాడు. తెలంగాణ మొత్తానికీ తమ మెషీన్ల సర్వీసు మనకే ఇస్తామన్నాడు. మనం ఎన్నేళ్లు తిరిగినా దొరకని అవకాశం అది. "మాకేం అక్కర్లేదు మేడం, కిట్టు గారి సపోర్టు అలాగే ఉంటే చాలు" అన్నాడు.

ఇన్నాళ్లూ నీతో చెప్పనిది ఇదే. నేను తలుపు తీసి నవ్యనూ భూపాల్‌నూ లోపలికి పిలిచాను. వాళ్ల ముందే వాచీ పెట్టె బ్యాగులోంచి తీసి శశిధర్ ముందు పెట్టాను. "ఇది మీది. తీసుకెళ్లండి" అన్నాను.

నిన్ను అడగకుండా చేశాను. అడిగితే వద్దంటావని భయం. వద్దంటే నేను వింటానేమోనని అంతకంటే భయం.

చివరిదాకా ఒక ఆశ మాత్రం ఉంది నాకు. అది నువ్వు కొన్నదే అయితే ఆయన, "ఇది నాకెందుకు ఇస్తున్నారు మేడం?" అనాలి కదా. ఆ మాట కోసం ఆయన నోటివంక చూస్తూ కూర్చున్నాను. ఆయన అనలేదు. పెట్టె తెరిచి చూసుకుని, మూసి, బ్యాగులో పెట్టుకున్నాడు. "ఆలోచించి ఉండాల్సింది మేడం. కిట్టు గారికే ఇబ్బంది" అని మాత్రం అన్నాడు. నెమ్మదిగా, మర్యాదగా అన్నాడు.

ఆయన వెళ్లాక నవ్య వచ్చి పక్కన నిలబడింది. భూపాల్ "మీరు మల్ల పెట్టుకోండ్రి మేడం. మంచిదే పెట్టుకోండ్రి. గానీ మీ పైసలతోటి కొనుక్కోండ్రి. అప్పుడు మేము గూడ గొప్పగ చెప్పుకుంటం" అన్నాడు. ఓనర్లు ఖరీదైన వాచీలు పెట్టుకోవచ్చా కూడదా అని నన్నెవరైనా అడిగితే, నాకు ఇంతకంటే తెలియదు.

శశిధర్ నీకు ఈపాటికి ఫోన్ చేసి ఉంటాడు. చేశాడా? మొన్న నీ గొంతులో మార్పేమీ లేదు. అంటే చేయలేదనుకోవాలా, నువ్వు నాకంటే బాగా దాస్తున్నావనుకోవాలా తెలియడం లేదు. కన్నకొడుకు గొంతును ఇలా చెవిపెట్టి వినాల్సి వస్తుందనుకోలేదు.

వాడు చెప్పకముందే నువ్వే మీ హాస్పిటల్ పెద్దవాళ్లకు చెప్పు. వాచీ ఒకటేనా, ఇంకేమైనా ఉన్నాయా, అన్నీ చెప్పు. ఉద్యోగం పోతే పోనీ. నాన్నగారికి నేను ఒక్క ముక్క కూడా చెప్పలేదు. అది నీ నోటితో నువ్వే చెప్పాలి. ఆయన పక్కన నేను కూర్చుంటాను.

ఒకవేళ నా అనుమానం తప్పయితే, ఇందులో నాకు తెలియనిది ఏదైనా ఉంటే, నీకు చాలా కోపం వస్తుంది. ఆ కోపంతోనే రైలెక్కు. ఇంటికొచ్చి, నా ఎదురుగా నిలబడి, కన్నకొడుకునే దొంగనుకున్నావా అని నోటికొచ్చినట్టు తిట్టు. ఆ తిట్లు తినాలని నాకెంత ఉందో ఎలా రాయను?

ఇట్లు,
నువ్వు తిట్టడానికైనా వస్తే చాలనుకుంటూ,
మీ అమ్మ.