తప్పులుంటే రాయమన్నావుగా

నరసరావుపేట,
ఆదివారం.

చెల్లి మాధురికి,

నువ్వొక్కదానివే కూర్చుని తయారుచేసిన దయ్యాల గేమ్ రెండుసార్లు ఆడాను. తప్పులుంటే రాయమన్నావు. ఫోన్‌లో చెప్పేవి కావు కాబట్టి కాగితం మీద పెడుతున్నాను.

మంచం కింద దాక్కున్న పిల్లకు వాళ్లమ్మ కాళ్లు మాత్రమే కనిపించడం బాగుంది. భయం వేసింది. తలుపు గడియ చప్పుడు మరీ ఎక్కువైంది, తగ్గించు.

గడప దాటుతూ ఆ తల్లి "పోతన్నా" అంటుంది. మన వైపు ఇంట్లోంచి బయల్దేరేవాళ్లు ఆ మాట అనరు, "పోయొస్తా" అంటారు. అందుకని దీన్ని తప్పుల్లో రాసుకున్నాను. తర్వాత కొట్టేశాను.

అమ్మ మనల్ని వదిలి వెళ్లి ఇరవై రెండేళ్లు. ఆ పొద్దున నువ్వు నిద్రలో ఉన్నావనే అనుకున్నాను. "పోయొస్తా అందిలేవే, వస్తది" అని నీకు ఇన్నేళ్లూ చెప్పింది నేనే. నిజానికి అమ్మ అన్నది "పోతన్నా" అనే. అది నేనొక్కణ్ణే విన్నాననుకున్నాను.

ఆ మాట మార్చొద్దు.

ఇంకొక్కటి. చివర్లో ఆ తల్లి తిరిగొచ్చి తలుపు కొడుతుంది. ఎంత వెతికినా తలుపు తీసే బటన్ కనపడలేదు. పెట్టడం మర్చిపోయావా, కావాలనే పెట్టలేదా?

మీ అన్న