నాకు కప్పిన శాలువా

శనివారం రాత్రి, ప్రొద్దుటూరు

పాత నవలల్లో ఎదురుతిరిగిన ఆడవాళ్ల గురించి ఈ రోజు జమ్మలమడుగు కాలేజీలో మాట్లాడాను. ఫలానావాడి భార్యగా మాత్రమే బతకనని గడప దాటిన ఒక నాయిక గురించి చెబుతుంటే ఆడపిల్లలు చప్పట్లు కొట్టారు.

తర్వాత సన్మానం. ప్రిన్సిపాల్ శాలువా విప్పి నా దాకా వచ్చి ఆగిపోయాడు.

"ఆడమనిషికి మేం కప్పితే ఏం బాగుంటాది? వాళ్ల సారు ఈడనే ఉండాడు కదా, పిలవండప్పా!"

నేను మాట్లాడినంతసేపూ బయట ఫోన్లో ఉన్న మా ఆయన్ని వేదిక మీదికి తెచ్చి, శాలువా చేతిలో పెట్టారు. ఆయన కప్పాడు. ఫొటో కోసం నేను నవ్వాను కూడా. ఆ నవ్వు తలుచుకుంటే ఒళ్లు మండుతోంది.

మెట్లు దిగుతుంటే ముందు వరుసలో కూర్చున్న అమ్మాయి అడిగింది. "మేడం, నవల్లో ఆయమ్మ అయితే అట్లా కప్పిచ్చుకునేదా?"

"టైమైందమ్మా, సార్ ఎదురుచూస్తాండాడు" అన్నాను.

దారిలో ఆయన, "ఇంతకీ దేని గురించి మాట్లాడినావు?" అన్నాడు. నేను శాలువా మడిచి సంచిలో పెట్టుకున్నాను. ఆయన మళ్లీ అడగలేదు.

ఇప్పుడు ఫ్యాను గాలికి చలేస్తోందని ఆ శాలువా కప్పుకొని నిద్రపోతున్నాడు.