నువ్వు తింటుంటే

మార్చి 3, మంగళవారం

ఈ రోజు మా ఆయన ముక్కులోంచి ట్యూబ్ తీసేశారు. గొంతు ఆపరేషన్ అయినప్పటి నుంచి పాలు, నీళ్లు, మందులు అన్నీ దాంతోనే. ఇక నోటితో తాగొచ్చట, పల్చటివి మాత్రమే. రుచి తిరిగొస్తుందా అని అడిగితే చెప్పలేమన్నాడు డాక్టర్. గొంతు మాత్రం ఇంతేనట. గుసగుస.

ఇంటికి రాగానే అద్దంలో ముఖం చూసుకుని, పెళ్లిరోజుకి బయట డిన్నర్‌కి వెళదామన్నారు. వేళాకోళం అనుకున్నాను.

మార్చి 6, శుక్రవారం

వేళాకోళం కాదు. టేబుల్ బుక్ చేశారు. నగరంలో అన్నిటికన్నా ఎత్తైన బిల్డింగ్, పై అంతస్తులో రెస్టారెంట్. ఆయన లిఫ్ట్ మెకానిక్. ఆ బిల్డింగ్ లిఫ్టులన్నీ ఆయన చేతుల మీదుగా బాగుపడ్డవే. ఎన్నేళ్లు తిరిగినా వెనక దారినే, టూల్‌బాక్స్‌తో. ఒక్కసారి ముందు తలుపులోంచి నిన్ను తీసుకెళ్తానని పెళ్లైన కొత్తలో అనేవారు.

ఆడపడుచు ఫోన్ చేసి చివాట్లు పెట్టింది. తినలేని మనిషి ముందు విస్తరి పరుస్తావా అని. నేననుకున్నదీ అదే.

మార్చి 9, సోమవారం

ఇవాళ కూడా వంటింటి తలుపు వేసుకుని, ఫ్యాన్ పెట్టుకుని, నిలబడే తిన్నాను. ఆయనకు వాసన తగలకూడదని. ఇదివరకు ఎదురెదురుగా కూర్చుని ఒకరి కంచంలోంచి ఒకరం లాక్కునేవాళ్లం. అది గుర్తొస్తే మెతుకు దిగదు.

మార్చి 13, శుక్రవారం

మంచి బట్టలు తీశాను. నావి నడుము దగ్గర వదులయ్యాయి, ఆయనవి భుజాల దగ్గర. తినక ఒకరు చిక్కారు, తినీ ఒకరు చిక్కారు.

మార్చి 14, శనివారం, సాయంత్రం 5

తలనొప్పని చెప్పి మానేద్దామనుకున్నాను. ఆయన అప్పుడే షూ పాలిష్ చేసుకుంటున్నారు.

మార్చి 15, ఆదివారం

నిన్నటిదంతా రాయాలి.

లిఫ్టులో ఆయన గోడకు అరచెయ్యి ఆనించి, మోటార్ బాగానే ఉందన్నట్టు తలూపారు. కిటికీ పక్క టేబుల్. కింద వీధి వీధికీ దీపాలు వెలుగుతున్నాయి. చుట్టూ అన్నీ జంటలే. ఇద్దరికీ సూప్ చాలని వెయిటర్‌కు చెప్పాను. ఆయన మెనూ లాక్కుని తనకు సూప్, నాకు వేయించిన చేప, చివర్లో కేక్ అని వేలితో చూపించారు. ఆకలి లేదన్నాను. చేప వచ్చింది. వాసనకే నోరూరింది. సిగ్గేసింది. ముట్టుకోలేదు.

ఆయన కుర్చీ నా పక్కకు జరుపుకున్నారు. ఆయన మాట వినాలంటే నోటి దగ్గర చెవి పెట్టాలి.

"నువ్వు తలుపేసుకుని తింటుంటే బయట నిలబడి వినేవాణ్ణి. ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ వినపడేది కాదు. నా తిండి పోతే పోయింది. నువ్వు తింటుంటే చూడ్డం కూడా పోవాలా?"

అంత మాట్లాడేసరికి ఆయాసం వచ్చింది. నీళ్లు తాగించాను. తర్వాత తిన్నాను. ముళ్లు తీసుకుంటూ, కళ్లు తుడుచుకుంటూ. నాలుగు ముక్కలకు ఏడుపు ఆగి ఆకలి మొదలైంది. ఇన్నాళ్ల ఆకలీ ఒక్కసారే. వేళ్లు కూడా నాకాను. ఆయన గడ్డం కింద చెయ్యి పెట్టుకుని సినిమా చూసినట్టు చూశారు. ఎలా ఉందని అడిగారు. పైన కరకర, లోపల వెన్న, నిమ్మరసం కాస్త ఎక్కువైందన్నాను. ఇంకా చెప్పమన్నారు. ఇంకా చెప్పాను. లేనివి కూడా కల్పించి చెప్పాను. మరి ఆ సూప్ ఎలా ఉందంటే, వెచ్చగా ఉందన్నారు. అంతే.

తిరిగొస్తుంటే చెయ్యి పట్టుకున్నారు. పక్కనే ఉన్న మనిషి మీద ఇంత బెంగ ఉంటుందా.

మార్చి 22, ఆదివారం

సూప్‌లో ఉప్పు తక్కువైందన్నారు. గరిట చేతిలోనే ఉండిపోయింది. నేను రుచి చూశాను. సరిగ్గానే ఉంది.

అయినా ఇంకో చిటికెడు వేసి ఇచ్చాను.