ఖర్చు, సుఖం, వాంతి

ఫిబ్రవరి 2, సోమవారం. సాయంత్రం 7.30

ఈరోజు నుంచి డైరీ. తెలుగులో రాస్తున్నాను. మా ఇంట్లో, మా ఆఫీసులో అందరూ తెలుగు మాట్లాడేవాళ్ళే, చదివేవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. రహస్యం దాచడానికి ఇంతకంటే మంచి బీరువా దొరకదు.

రహస్యం: నాకు సముద్రం పడదు.

పడవ ఎక్కిన పదో నిమిషంలో కడుపులో తిప్పుతుంది. పన్నెండో నిమిషంలో బయటికొస్తుంది. తాత పోలిరాజు చేపలవేట, నాన్న యర్రయ్య చేపలవేట, మణికుమార్‌నైన నేను వాంతులు. అండమాన్‌లో, జాలర్ల ఊరు హోప్ టౌన్‌లో పుట్టినవాడు ఈ మాట నలుగురిలో చెప్పుకోగలడా? అందుకే ఎదురుగా కనిపించే పోర్ట్ బ్లెయిర్‌కి ఊరంతా ఫెర్రీలో పదిహేను నిమిషాల్లో దాటుతుంటే, నేను మాత్రం బస్సెక్కి ఫెరార్‌గంజ్, చౌల్దారీ అన్నీ చుట్టుకుని రెండు గంటల తర్వాత ఆఫీసులో దిగుతాను. నాలుగేళ్ళుగా! చౌల్దారీలో నాకు ఎవరో అమ్మాయి ఉందని ఊళ్ళో అనుకుంటున్నారు. నేను కాదనలేదు. వాంతులకంటే అమ్మాయి మేలు కదా.

ఇంక నా ఉద్యోగం: కళ ట్రావెల్స్‌లో ఓడ టికెట్లు అమ్మడం. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోవచ్చు.

ఇవాళ రెండు సంగతులు.

ఒకటి. మా ఓనరు కళ దీదీ పిలిచి, "అరే మణీ, తెలుగు టూరిస్టుల కోసం ఒక చార్టు జల్దీ బనా దే. ఏ ప్రయాణానికి ఎంత ఖర్చు, ఎంత ఆరామ్, అన్నీ రాసెయ్" అంది.

రెండు. భీమిలి నుంచి పెద్ద నానమ్మ గవరమ్మ ఫోన్ చేసింది. మా నానమ్మ కాసులమ్మకి సొంత అక్క. ఆవిడకి చూపు పోతోంది. ఆపరేషన్‌తో బాగయ్యేది కాదన్నారట. ఫోన్లో చెల్లెలి మొహం మసగ్గా కనిపిస్తోందట, మనిషిని ఒకసారి దగ్గర్నుంచి చూడాలని ఉందట. నానమ్మ పెళ్ళయి ఓడలో ఇక్కడికి వచ్చాక మళ్ళీ అటు వెళ్ళలేదు. పెద్ద నానమ్మే ఒకసారి వచ్చి వెళ్ళింది, అదీ నేను పుట్టకముందు.

ఫోన్ పెట్టేసి నానమ్మ చాలాసేపు వాకిట్లో కూర్చుంది. తర్వాత నా వైపు తిరిగి, "ఓడలో ఎల్దుము. మణీ, నువ్వే తీసుకెల్లు" అంది. విమానం మాట ఎత్తితే చెయ్యి అడ్డంగా ఊపింది. విశాఖ ఓడ పద్దెనిమిదో తారీఖున. మూడు రోజుల ప్రయాణం. పదిహేను నిమిషాల ఫెర్రీకే నా గతి ఇలా ఉంటే మూడు రోజులా!

తీర్మానం: ఈ పదహారు రోజుల్లో నా కడుపుకి సముద్రం అలవాటు చేస్తాను. చిన్నదాంతో మొదలుపెట్టి పెద్దదాకా. ఫెర్రీ, వెహికిల్ ఫెర్రీ, నాన్న వేటపడవ డింగీ, హ్యావ్‌లాక్ దీవికి వెళ్ళే క్రూయిజ్, ఆపైన విశాఖ ఓడ. పనిలో పనిగా చార్టు కూడా అయిపోతుంది. చార్టులో మూడు గడులు: ఖర్చు, సుఖం, వాంతి. మూడోది దీదీ అడగలేదు, నాకోసం.

సామగ్రి: నిమ్మకాయలు పన్నెండు, అల్లం ముక్కలు, మాత్రలు, ధైర్యం.

ఫిబ్రవరి 3, మంగళవారం. ఉదయం 6.40

ఫెర్రీ ఎక్కాను. రెయిలింగ్ పట్టుకున్నాను. ఇంజన్ మొదలయ్యేలోపు దిగాను.

మొదటిరోజే తొందర పనికిరాదు. ఇవాళ్టికి ఎక్కడం, దిగడం. రెండూ బాగా వచ్చాయి. తర్వాత బస్సుకి పోయాను.

ఫెర్రీ. ఖర్చు: ఒక టీ కన్నా తక్కువ. సుఖం: నిలబడటమే. వాంతి: సున్నా!!

ఫిబ్రవరి 4, బుధవారం

ఇవాళ నిజంగా ప్రయాణం చేశాను. పన్నెండో నిమిషం వరకూ రాజాలా నిలబడ్డాను. తర్వాత గాలి ఎటు వీస్తోందో చూసుకోలేదు.

పక్కన మా వీధి దేముడమ్మత్త చేపల గంపతో ఉంది. రాత్రి తిన్న పరోటా పాడైందని చెప్పాను. ఆమె జాలిపడింది, గంప మాత్రం అవతలికి జరుపుకుంది.

వాంతి: ఒకటి. (పరోటా లెక్కలోకి తీసుకోకపోతే సున్నా.)

ఫిబ్రవరి 5, గురువారం

వెహికిల్ ఫెర్రీ. పెద్దది, లారీలు కూడా ఎక్కుతాయి, అంతగా ఊగదు. ఎవరూ గుర్తుపట్టకుండా మా ఫ్రెండు గణపతి గాడి బైకు, వాడి హెల్మెట్ అడిగి తెచ్చుకున్నాను. బైకు మీదే కూర్చుని, హెల్మెట్ అద్దం దించుకుని, కళ్ళు మూసుకుని ఊపిరి లెక్కపెట్టాను. ఆలోచన చాలా బాగుంది.

హెల్మెట్ తీయడం మర్చిపోయాను.

వెహికిల్ ఫెర్రీ. ఖర్చు: రెండు టీలు, బైకుతో కలిపి. సుఖం: సొంత సీటు. వాంతి: రాయను. గణపతి హెల్మెట్ నన్నే ఉంచుకోమన్నాడు.

ఫిబ్రవరి 6, శుక్రవారం

శుక్రవారం కొత్త పని మొదలుపెట్టకూడదు. ఇది పాత పనే, నిజమే. అయినా రిస్క్ ఎందుకు?

ఫిబ్రవరి 8, ఆదివారం. రాత్రి

వేటకి నేనూ వస్తానంటే నాన్న కాసేపు నమ్మలేదు. తర్వాత వెళ్ళి గడ్డం గీసుకుని వచ్చాడు. నాతో వేటకి వెళ్ళడానికి గడ్డం గీసుకున్నాడు! ఈ మనిషికి నిజం ఎలా చెప్పను?

నాన్న వెనక ఇంజన్ దగ్గర, నేను ముందు కొసన. అరగంటలో మూడుసార్లు నీళ్ళమీదకి వంగాను. వంగి ఏం చూస్తున్నావని నాన్న అరిచి అడిగాడు. చేపలన్నాను. నాన్న అక్కడే ఇంజన్ ఆపి వల వేశాడు. ఈ నెలంతా పడనన్ని చేపలు పడ్డాయి. అవి ఎందుకు చేరాయో నాకు తెలుసు.

సాయంత్రం టీ బడ్డీ దగ్గర నాన్న అందరికీ చెప్పుకుంటున్నాడు: "మావోడు నీల్లల్లోకి ఓసారి సూసినాడంటే సాలు, సేప ఎక్కడుందో సెప్పేత్తన్నాడు." రేపు ముగ్గురు డింగీల వాళ్ళు నన్ను తమతో రమ్మన్నారు.

డింగీ. ఖర్చు: లేదు. సుఖం: అది కూడా లేదు. వాంతి: మూడు, లాభంతో సహా.

ఫిబ్రవరి 10, మంగళవారం

హ్యావ్‌లాక్ ప్రైవేట్ క్రూయిజ్. చార్టు కోసమని దీదీ టికెట్ ఇప్పించింది. ఏసీ, మెత్తటి సీటు, అద్దాల కిటికీలు. గాలి కావాలంటే బయటికి పోనివ్వరు. నా టీషర్ట్ మీద కళ ట్రావెల్స్ అనీ, దాని కింద 'సముద్రమే మా దారి' అనీ రాసి ఉంది.

పక్క సీట్లలో రాజమండ్రి దంపతులు. వాళ్ళకి టికెట్ అమ్మింది నేనే. ఊయలలో కూర్చున్నట్టు ఉంటుంది సార్ అని కూడా చెప్పాను. గంట గడిచేసరికి ఆవిడ నా వీపు రుద్దుతోంది, ఆయన సంచి పట్టుకున్నాడు. దిగేటప్పుడు ఆయన మర్యాదగా అడిగాడు, "బాబూ, ఊయల అన్నావు కదా?"

క్రూయిజ్. ఖర్చు: ఇంటిల్లిపాదికీ బిర్యానీ. సుఖం: మొదటి ఇరవై నిమిషాలు మహారాజు. వాంతి: వాళ్ళనే అడగండి.

ఫిబ్రవరి 11, బుధవారం

ఒళ్ళు బాలేదని ఫెర్రీ మానేశాను. చార్టు చిత్తుప్రతిని దీదీ సరాసరి గోడకి అంటించేసింది, మూడో గడితో సహా! ఆమెకి తెలుగు చదవడం రాదు. చదివినవాళ్ళు ఫొటోలు తీసుకుంటున్నారు. నిజం చెప్పే ఆఫీసు ఇదొక్కటేనని మా దగ్గరే టికెట్లు కొంటున్నారు. దీదీ నాకు సమోసా తెప్పించింది.

ఫిబ్రవరి 13, శుక్రవారం

నిన్న బస్సు. ఇవాళా బస్సు. ఇప్పుడు ఫెర్రీలోనే వెళ్తున్నానని ఇంట్లో చెప్పాను కదా, అందుకని జెట్టీ వైపు దర్జాగా నడుస్తాను, మూల తిరగ్గానే బస్టాపుకి పరుగు.

కారణాలు: 1. ఓడ పెద్దది, అంతగా ఊగదు, సాధన అక్కర్లేదు. 2. మాత్రలు రెండేసి వేసుకుంటే చాలు. 3. నిమ్మకాయలు అయిపోయాయి.

అసలు కారణం: భయం. మూడు రోజులు నేను బకెట్టు పట్టుకుని పడుకుంటే నానమ్మని ఎవరు చూస్తారు? నేను రానంటే ఆమె వెళ్ళదు. అక్కడ పెద్ద నానమ్మ కళ్ళు నా కడుపు కోసం ఆగవు. నా మీద నాకే అసహ్యంగా ఉంది.

ఫిబ్రవరి 14, శనివారం. మధ్యాహ్నం 3.00

పట్టుబడ్డాను.

ఉదయం బస్సు వెనక తలుపులోంచి ఎక్కి చూస్తే నాలుగో సీట్లో నానమ్మ. కొత్త చీర, ఒళ్ళో సంచి. దాక్కోవడానికి చోటు లేదు. పక్క సీటు మీద చేత్తో తట్టి కూర్చోమంది.

నానమ్మ బస్సులో ఉండటం వింత కాదు. ఆస్పత్రికైనా, బజారుకైనా ఎప్పుడూ ఇదే దారి. ఫెరార్‌గంజ్ అమ్మవారికి మొక్కు ఉంది, దణ్ణం పెట్టుకోకుండా పోర్ట్ బ్లెయిర్ వెళ్ళనంటుంది. ఫెర్రీలో వెళ్తున్నానని చెప్పి నేను ఇక్కడ ఉండటమే వింత. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

ఫెరార్‌గంజ్ వచ్చింది. గుడి దగ్గర బస్సు ఆగింది. లేవడానికి చెయ్యి ఇచ్చాను. ఆమె కదల్లేదు.

"సౌల్దారీకి టికెట్టు తీసినాను" అంది. "ఆ పిల్లని సూద్దుమని. అక్కకి సూపు ఉండగానే పోటో సూపిత్తాను."

సంచిలో పళ్ళు, కుంకుమ పొట్లం, పూలు. ఇంక దాచలేకపోయాను.

"పిల్లా లేదు, ఏమీ లేదు నానమ్మా. నాకు సముద్రం పడదు. పడవెక్కితే కక్కుకుంటాను. అందుకే నాలుగేళ్ళుగా ఈ బస్సు."

గట్టిగానే అన్నట్టున్నాను. ముందు సీట్ల వాళ్ళు తిరిగి చూశారు. కండక్టర్ భయ్యా టికెట్లు కొట్టడం ఆపేశాడు.

నానమ్మ ఏడుస్తుందేమో అనుకున్నాను. సంచి అడుగుకి చెయ్యి పెట్టి నిమ్మకాయ తీసి, గోటితో గీరి నా ముక్కు దగ్గర పెట్టింది.

"నీ సొక్కా జేబుల్లో రోజూ ఇదే దొరికేది. నాకు అనుమానం రాదేటి?" అంది. బస్సు కదిలాక, "అమ్మోరికి నాకు మొక్కేటీ నేదురా. యాబై ఏళ్ళబట్టి నానూ ఈ బస్సే" అంది.

నేను ఆమెని చూశాను. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తోంది.

పెళ్ళయి ఓడలో వచ్చినప్పుడు మూడు రోజులూ కక్కుతూనే ఉందట. తాత బకెట్టు పట్టుకుని పక్కనే కూర్చున్నాడట. దిగాక, ఈ సంగతి ఎవరికీ చెప్పొద్దని తాత దగ్గర ఒట్టు వేయించుకుందట. జాలరోళ్ళ కోడలికి నీళ్ళు పడవంటే నవ్వరా అని. మరి ఓడలోనే వెళ్తానని ఎందుకన్నావని అడిగాను.

"ఓడలోనే ఎల్తానంటే మూడ్రోజులు పనులు మానుకుని ఎవలు తీసుకెల్తారు? ఇన్నేళ్ళూ ఆ మాటతోనే తప్పించుకున్నాను. ఇప్పుడు అక్క కళ్ళు పోతన్నాయి. అన్న మాట ఎలా మార్సను?"

ఇద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నాం. ముందు ఆమె నవ్వింది. చౌల్దారీ దాకా ఆగకుండా నవ్వాం. కండక్టర్ కూడా నవ్వాడు, ఎవరికీ చెప్పనని మాట ఇచ్చాడు. దిగి పూరీలు తిని, పళ్ళు కూడా మేమే తినేసి తిరుగు బస్సెక్కాం.

ఇంట్లో నానమ్మ ప్రకటన: "పిల్లని సూసొచ్చినాం. మంచిదే గాని, మనకి కుదర్దు." రెండో ప్రకటన: మణికి అన్ని రోజులు సెలవు ఇవ్వరట, కాబట్టి విమానం. ఇంత తాపీగా అబద్ధం ఆడటం నాకు ఈ జన్మలో రాదు.

ఫిబ్రవరి 18, బుధవారం. సాయంత్రం

విశాఖ ఓడ వెళ్ళిపోయింది. హోప్ టౌన్ ఒడ్డున నిలబడి ఇద్దరం చేతులూపి సాగనంపాం. నానమ్మ దణ్ణం కూడా పెట్టింది.

విశాఖ ఓడ, బంక్ క్లాసు. ఖర్చు: మా దీవులవాళ్ళకిచ్చే ఐలాండర్ కార్డు ఉంటే చాలా చవక. సుఖం: పడుకోవచ్చు. వాంతి: తెలీదు, తెలుసుకోము!

ఫిబ్రవరి 19, గురువారం

విమానం, చెన్నై మీదుగా. నానమ్మ ఎక్కగానే బెల్టు గట్టిగా పట్టుకుంది. ముందు సీటు జేబులో కాగితం సంచి చూసి, అదెందుకని అడిగింది. చెప్పాను. ఆమె మొహం వెలిగిపోయింది. అడక్కుండానే సంచి ఇచ్చి కూర్చోబెట్టారు, వీళ్ళు మర్యాద తెలిసినవాళ్ళు అంది. నాది, ఆమెది, అవతలి సీటు ఆయనది, మూడూ మడిచి సంచిలో పెట్టుకుంది.

విమానం. ఖర్చు: ఒక పండగ. సుఖం: కాళ్ళు చాపలేం. వాంతి: సున్నా! ఈసారి నిజం సున్నా!

ఫిబ్రవరి 20, శుక్రవారం. భీమిలి

పెద్ద నానమ్మ చెల్లెలి మొహం రెండు చేతుల్తో పట్టుకుని, రెండు వేళ్ళ దూరంలో కళ్ళు పెట్టి చూసింది. నుదురు, ముక్కు, చెవులు, అన్నీ. "ముసిల్దానివైపోనావే" అంది. ఇద్దరూ ఏడ్చారు. నేనూ ఏడ్చాను, దాచుకోలేదు.

ఫిబ్రవరి 23, సోమవారం

కొంప మునిగింది.

పెద్ద నానమ్మ అన్నం తింటూ చెప్పింది. చూపు పూర్తిగా పోయేలోగా చెల్లెలి ఇల్లు మళ్ళీ ఒకసారి చూడాలట. ఎప్పుడో ఓడ డెక్ మీద కూర్చుని చూసిన ఎగిరే చేపల్ని కూడా చూడాలట. కాబట్టి ఓడలోనే వస్తుందట. మాతోనే. వచ్చే ఓడ మార్చి పదిహేనున.

ఎగిరే చేపలు విమానంలోంచి కనిపించవు. సెలవు లేదందామంటే, చార్టు పుణ్యమా అని దీదీ ఎన్నాళ్ళైనా ఉండి రమ్మంది. ఆలోచించి చూశాను, చెప్పడానికి ఏ కారణమూ లేదు.

నానమ్మ వైపు చూశాను. నిజం చెప్పేస్తుందనే అనుకున్నాను. ఆమె చారు కలుపుకుంటూ, "దానికేటి అక్కా. మా మణికి సముద్రం నట్టిల్లు" అంది.

కొత్త తీర్మానం: ఇరవై రోజులు. చిన్నదాంతో మొదలుపెట్టి పెద్దదాకా. ఈసారి ఖాయం. పెద్ద నానమ్మ అల్లుడికి పడవ ఉంది, పొద్దున్నే కాసేపు ఎక్కించమని మాట్లాడాను. సాధన చేసేవాళ్ళు: ఇద్దరు. నిమ్మకాయలు: రెండు డజన్లు. కాగితం సంచులు: మూడు, నానమ్మ దగ్గర.

ఫిబ్రవరి 24, మంగళవారం. ఉదయం 6.15

పడవ ఎక్కాం. నానమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఇంజన్ మొదలయ్యేలోపు దిగాం.

మొదటిరోజే తొందర పనికిరాదని నానమ్మ అంది. ఇవాళ్టికి ఎక్కడం, దిగడం. ఇద్దరికీ బాగా వచ్చాయి.