మూడు వాటాలకు మూడు మీటర్లు

ఉప్పల్,
ఆదివారం.

ప్రియమైన అక్కకు,

నీ చెల్లెలు సుజాత నమస్కరించి రాస్తున్నది. నేను, మీ మరిది, పాప ఇక్కడ బాగానే ఉన్నాం. బావ మోకాలి నొప్పి తగ్గిందా? మీ అత్తమ్మ కంట్లో చుక్కలు వేసుకుంటున్నదా? మా గురించి దిగులు పెట్టుకోకు.

నాచారం మందుల కంపెనీలో ప్యాకింగ్ పని అలవాటైంది. మొదట్లో ఆ వాసనకు అన్నం సహించేది కాదు. ఇప్పుడు నలుగురం కలిసి పచ్చిపులుసు పంచుకుని తింటున్నాం. ఎండలు మాత్రం మండిపోతున్నాయి. మావి రేకుల గదులు, ఫ్యాను లేకపోతే నిలవలేం.

ఆ ఫ్యాను వల్లే నెలన్నర కిందట ఎంత పని జరిగిందో చెప్తాను. ఈ ఇంట్లో మూడు వాటాలు, మీటరు ఒక్కటే. ఇంటి ఓనరు సరోజనమ్మ బిల్లును మూడు సమాన భాగాలు చేసేది. పక్క వాటాలో మరియమ్మత్త ఒంటరిగా ఉంటుంది. ఆమెకు ఒక బల్బు, ఒక ఫ్యాను, అంతే. మూడో వాటా వాళ్లు కూలరు తెచ్చారు. వాడకం పెరిగే కొద్దీ యూనిటు రేటూ పెరుగుతుంది కదా, అందరిదీ ఒకే మీటరులో కలిసి బిల్లు రెట్టింపైంది. మరియమ్మత్త ఎవరికీ చెప్పకుండా తన ఫ్యాను ఆపేసుకుంది.

ఒక మధ్యాహ్నం పిలిస్తే పలకలేదు. తలుపు తోసి చూస్తే నేలమీద పడి ఉంది, ఒళ్లు కాలిపోతున్నది. నేనూ సరోజనమ్మా ఆటోలో దవాఖానాకు తీసుకుపోయాం. సెలైను ఎక్కాక కళ్లు తెరిచింది.

"ఫ్యానెందుకు బంద్ జేసినవ్ మరియమ్మా?" అని సరోజనమ్మ అడిగింది.

"బిల్లు మస్తొస్తుందని భయమైంది. జర ఓర్సుకుందామనుకున్న."

సరోజనమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. వేరే మీటర్లు పెట్టిద్దామని నేను అంతకుముందే అడిగాను. మా పేర్ల మీద తీసుకుంటే రేపు ఇల్లే మాదంటామని ఆమె భయం. అక్కడే మళ్లీ అన్నాను.

"మూడూ నీ పేరు మీదనే ఉండనీ అమ్మా. ఎవరి బిల్లు వాళ్లం కట్టుకుంటం."

"గట్లయితే రేపే పోదాం పా. కరెంటుకు భయపడి నా ఇంట్ల మనిషి పడిపోవుడేంది!"

కరెంటు ఆఫీసులో రెండు దారులు చెప్పారు. లోపల చిన్న మీటర్లు పెట్టుకుంటే ఖర్చు తక్కువ, ఎవరెంత వాడారో తెలుస్తుంది. కానీ బిల్లు అంతా కలిపే వస్తుంది, పై రేటు తప్పదు. విడివిడి కనెక్షన్లకు ముందు కొంత కట్టాలి, తరువాత ఎవరి వాడకానికి వాళ్ల రేటు. సరోజనమ్మ ఆ రెండోదే తీసుకుంది, ఖర్చు కూడా తనే పెట్టుకుంది.

ఈ వారం కొత్త బిల్లులు వచ్చాయి. మాది బాగా తగ్గింది. మరియమ్మత్తది ఎంత తక్కువంటే, మీటరు చూసే అతన్ని ఆపి మళ్లీ చదివించుకుంది. కూలరు వాళ్లు ఏం గొడవ చేయలేదు, పడుకునేటప్పుడే వేసుకుంటున్నారు. ఇప్పుడు పాపను మరియమ్మత్త దగ్గర వదిలి నేను పూర్తి షిఫ్టుకు పోతున్నాను.

బావ కిరాణా కొట్టూ మీ ఇల్లూ ఒకే మీటరు మీద ఉన్నాయన్నావు. కొట్టు రేటే ఇంటికీ పడుతున్నదేమో, ఒకసారి అడగమను. ఇటు ఎవరైనా వస్తుంటే కొంచెం కారం, నువ్వులు పంపు.

మీ అత్తమ్మకు, బావకు నా దండాలు. పిల్లలకు ముద్దులు. ఈ సెలవుల్లో వాళ్లను తీసుకుని తప్పకుండా రా. గది చిన్నదని వెనకాడకు. "మీ అక్కను నా ఇంట్ల పండమను, గాలి మంచిగొస్తది" అని మరియమ్మత్త ఇప్పటినుంచే చాప దులిపి పెట్టింది.

నీ దీవెనలు కోరే
సుజాత