ఏడు గంటల రూలు

జూన్ 2, సోమవారం
పన్నెండు రోజుల తర్వాత టాక్సీ బయటికి తీశాను. మెడ మీద కమిలిన గీత పసుపు రంగుకి తిరిగింది. చున్నీ చుట్టుకున్నాను. మూడు ట్రిప్పులు. ముగ్గురూ మంచివాళ్ళే. అయినా రోడ్డు కన్నా అద్దంలో వాళ్ళ చేతులనే ఎక్కువ చూశాను.

వాడి చేతులే గుర్తున్నాయి, మొహం గుర్తు లేదు. మేట్టుపాళయం రోడ్డు, మధ్యాహ్నం రెండు గంటలు, మిట్టమధ్యాహ్నపు ఎండ. వెనక సీట్లోంచి తువ్వాలు నా మెడ మీద పడింది. కారు ఆపమనలేదు, ఏమీ అడగలేదు. బిగించాడు, అంతే. ముందు పోతున్న వక్కల లారీని కావాలనే గుద్దాను. ఆ కుదుపుకి పట్టు వదిలి, తలుపు తీసుకుని తోటల్లోకి పరిగెత్తాడు. పోలీసులు ఇంకా వెతుకుతూనే ఉన్నారు.

రాత్రి వంట చేయలేదు. పెరుగన్నం. అమ్మ ఉంటే...
వద్దు. రాయను.

జూన్ 3, మంగళవారం
కమలమ్మవ్వ ఫోన్. "వచ్చేస్తివా? ఇన్నాళ్ళూ ఎవురో మగోడి కార్లో పోయినా. వాడికి తెలుగూ రాదు, వినేదీ రాదు."

మంగళ, శుక్రవారాలు ఆమెకి డయాలసిస్. మూడింటికి ఆస్పత్రిలో దింపాలి, ఏడున్నరకి అక్కణ్ణుంచి ఎక్కించుకుని ఇంటికి తేవాలి. మూడేళ్ళుగా ఇదే. అమ్మ పోయి పద్నాలుగు నెలలు. ఇప్పుడు నాతో తీరిగ్గా తెలుగు మాట్లాడే మనిషి ఆమె ఒక్కతే. మిగతా తెలుగంతా ఈ కాగితం మీదే — అమ్మ చర్చి మెట్ల మీద కూర్చోబెట్టి నేర్పిన అక్షరాలు.

ముందు సీట్లో కూర్చుంది. చున్నీ తీయమంది. చూసింది. ఆస్పత్రి వచ్చేదాకా నా మోచేతి మీద చెయ్యి వేసే ఉంచింది.

జూన్ 6, శుక్రవారం
మొదటి ఏడాది అవ్వ వెనకే కూర్చునేది. ఆమెది తోటలు, మిల్లు వాటాలు ఉన్న నాయుళ్ళ ఇల్లు. ఒకరోజు అడిగింది, "మీ అమ్మ ఏమి పని చేస్తాది?" కార్పొరేషన్‌లో వీధులు ఊడుస్తుందని చెప్పాను. రెండు సిగ్నళ్ళు దాటాయి. తర్వాత, "అయితే మా వీధీ ఊడ్చింటాది" అంది. ఆ తర్వాతి శుక్రవారం తనే ముందు తలుపు తీసి ఎక్కింది. ఎందుకని నేనూ అడగలేదు.

జూన్ 9, సోమవారం
రంగసామి అన్న పిలిచాడు. మా స్టాండు సంఘానికి తలైవరు, అంటే అధ్యక్షుడు, ఆయనే. తెలుగిల్లే గాని, స్టాండులో నోరు విప్పితే అరవమే. నన్ను పక్కకి తీసుకెళ్ళి మాత్రం తెలుగులో చెప్పాడు.
"నీ విషయం కౌన్సిల్ దాకా పోయిండాది సరోజా. స్టాండు కార్లకంతా రూల్సు తెస్తారంట. డ్రైవరుకీ వెనక సీటుకీ నడాన కన్నాడి తడుపు, అదే అద్దం గోడ, పైన కెమెరా. ముందు సీట్లో ఎవుర్నీ కూర్చోబెట్టకూడదంట."
"మంచిదే కదన్నా."
"ఆడోళ్ళు ఏడు తర్వాత బండి తీయకూడదని కూడా కౌన్సిల్లో కొందరు అడిగినారు."
"నాకు జరిగింది రెండింటికి కదా."
"అదే కౌన్సిల్ కూట్టంలో వచ్చి చెప్పు."
"నాకు పయంగా ఉండాదన్నా."
"పయపడినోళ్ళు చెప్తేనే వాళ్ళకి ఎక్కేది."

జూన్ 12, గురువారం
అద్దం కావాలి నాకు. అవ్వతో అనలేదు. కానీ కావాలి.

జూన్ 16, సోమవారం
కౌన్సిల్ హాలు. ఆ భవనం ముందున్న రోడ్డంతా అమ్మ ఏళ్ళ తరబడి ఊడ్చింది. మెట్లెక్కి లోపలికి పోవడం మా ఇంట్లో నేనే మొదలు. చెప్పులు బయట విడవాలేమోనని ఒక క్షణం ఆగాను. విడవక్కర్లేదట.

అరవంలోనే మాట్లాడాను. జరిగింది చెప్పాను. అద్దం పెట్టండి, మా అందరికీ మంచిది అన్నాను. కొందరు తలలు ఊపారు. ఏడు గంటల మాట వద్దండి, నా మీద పడ్డది మిట్టమధ్యాహ్నం అన్నాను. వెనక వరసలో ఎవరో నవ్వారు.

ఒక పెద్దాయన, మెత్తని గొంతు. మీ మంచికే అడుగుతున్నామమ్మా అన్నాడు. చీకటి పడితే ఇంట్లో మీకోసం ఎదురుచూసేవాళ్ళు కంగారు పడరా అని అడిగాడు.
ఎవరూ లేరు అన్నాను.
మైకు నోటికి దగ్గరగా ఉంది. ఆ మాట హాలంతా పెద్దగా వినిపించింది. సాయంత్రం ట్రిప్పులు ఎందుకు కావాలో, ఎవరిని తేవాలో రాత్రంతా కూర్చుని నేర్చుకున్నదంతా పోయింది. నమస్కారం పెట్టి దిగిపోయాను.

బయట రంగసామి అన్న, "బాగానే చెప్పితివి" అన్నాడు. నా మొహం చూడకుండా.

జూన్ 17, మంగళవారం
అవ్వకి అంతా చెప్పాను. కిటికీలోంచి చూస్తూ విన్నది.
"ఎవురూ లేరంటివా?"
"అట్ల వచ్చేసింది అవ్వా."
"ఏడున్నరకి ఆస్పత్రి గేటుకాడ ఒక ముసల్ది చూస్తా ఉంటాదని చెప్పుండొచ్చు గదా."
గేరు మార్చాను.

జూన్ 24, మంగళవారం
అద్దం, కెమెరా ఖాయమట. మూడు నెలలు మా స్టాండులో పెట్టి చూస్తారు. ఏడు గంటల సంగతి కమిటీకి పంపారు.

జూన్ 30, సోమవారం
అద్దం బిగించారు. మందంగా ఉంది, కింద చేయి పట్టేంత సందు. ఇంటికొచ్చేటప్పుడు ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదని గేటు దగ్గర గుర్తొచ్చింది. చాలా రోజులకి నిద్ర పట్టింది.

జూలై 1, మంగళవారం
వెనక తలుపు తీశాను. అవ్వ నన్నొకసారి, అద్దాన్నొకసారి చూసి ఎక్కింది. దారిలో ఆమె పెదవులు కదులుతున్నాయి, మాట ఇటు వినబడటం లేదు. గట్టిగా అంటే దగ్గు. సిగ్నల్ దగ్గర నా ఫోన్ మోగింది.
"నేనే. వెనకాలుండాను."
స్పీకరు పెట్టాను. కోడలు గుత్తొంకాయలో ఉప్పే వేయలేదట, డాక్టరు వద్దన్నాడట, డాక్టరుకేం తెలుసు రుచి. ఆస్పత్రి దాకా ఇద్దరం నవ్వుకుంటూనే ఉన్నాం. చేయి చాపితే అందేంత దూరంలో ఫోన్‌లో.

జూలై 4, శుక్రవారం
కెమెరాలో చూశారట. "ఫోన్ మాట్లాడతా నడిపినావని కంప్లైంటు వచ్చిండాది" అన్నాడు రంగసామి అన్న. "ఇంకొకతూరి అయితే స్టాండులో నిలపనీయరు. వాళ్ళు చెప్పేదీ తప్పు కాదు కదమ్మా."
తప్పు కాదు.

జూలై 8, మంగళవారం
పోయేటప్పుడు మాట లేదు, వచ్చేటప్పుడూ లేదు. ఇంటి దగ్గర చేయి పట్టి దింపుతుంటే అంది, "పీనుగుని గాజుపెట్టెలో పెట్టి తెచ్చినట్టుండాది."
"తీసేయమని అడగనా అవ్వా?"
చాలాసేపు నా మెడ వైపే చూసింది. గీత పోయింది, అయినా చూసింది.
"వొద్దు. ఉండనీ."

జూలై 11, శుక్రవారం
ఏడు గంటల రూలు వచ్చింది. సోమవారం నుంచి, మూడు నెలలు. ఆడవాళ్ళ కార్లు ఏడుకల్లా స్టాండుకి చేరాలి. అవ్వ కొడుకు మర్యాదగానే ఫోన్ చేశాడు — పోయేటప్పుడు మీరు, వచ్చేటప్పుడు వేరే బండి. సరే అన్నాను.

జూలై 13, ఆదివారం
చర్చి నుంచి వచ్చి పడుకున్నాను. పొద్దున్నుంచి ఒక్క మాటా మాట్లాడలేదని సాయంత్రం పాలవాడికి డబ్బులిస్తుంటే తెలిసింది. గొంతు బొంగురుగా వచ్చింది.

జూలై 15, మంగళవారం
మూడింటికి దింపాను. దిగేటప్పుడు, "తిరిగి పోయేదానికి వాడా?" అంది. అవునన్నాను. అద్దం కింద సందులో చేయి పెట్టి నా మోచేతిని తట్టింది.

స్టాండుకి పోయాను. ఆరింటికి నర్సు ఫోన్ — బీపీ పడిపోయింది, అవ్వ తెలుగులో ఏదో అంటోంది, మాకెవరికీ అర్థం కావడం లేదు, మీరు రాగలరా. వచ్చాను. లోపల "చలి" అంటోంది, అంతే. దుప్పటి అడిగి కప్పించాను. నన్ను చూసి, "టైమెంత?" అంది. దుప్పటి మెడదాకా లాగాను.

ఇప్పుడు ఏడూ పది. గేటు దగ్గర, కార్లో కూర్చుని రాస్తున్నాను. ఇంకో పావుగంటలో పంపిస్తామన్నారు. రంగసామి అన్న రెండుసార్లు ఫోన్ చేశాడు, ఎత్తలేదు. నెత్తిన కెమెరా, ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది. అవ్వ కోసం పంపిన కారు వచ్చి నా వెనకే ఆగింది. దారి ఇమ్మని హారన్ కొడుతున్నాడు.

మళ్ళీ కొట్టాడు.

తాళం చేతిలోనే ఉంది.