నీళ్ళు వదిలెయ్యమన్నావు

ప్రియమైన బావమరిదికి,

ఎండిన నేల పూస్తుందని నువ్వు నమ్ముతావా, నమ్మవా? తల గోక్కోకుండా జవాబు చెప్పు. పూస్తుందని బైబిల్లో ప్రవక్త చెప్పాడు. ఇరవై ఏళ్ళుగా నేనూ చెబుతున్నాను. కానీ పూస్తుండగా కళ్ళారా చూసినవాడు మా షెడ్డులో ఒక్కడూ లేడు, నాతో సహా.

సంగతేమిటంటే, మీ అక్క ప్రార్థన కూటానికి రావడం మానేసింది. వారమంతా నేను బోర్డులు రాసే రంగుల షెడ్డులోనే ఆదివారం బెంచీలు వేసి వాక్యం చెబుతాను, చివర ఆమె పాట పాడుతుంది. అదీ మా అలవాటు. మొన్నొక ఆదివారం నాకు వాక్యం బాగా ఊపందుకుంది. పాట సంగతి మరిచిపోయాను. ఆమె పుస్తకం పట్టుకుని మూడుసార్లు లేచిందట, మూడుసార్లూ చెయ్యి చూపించి కూర్చోబెట్టానట. ఇంటికొచ్చాక అంది, "మీ నోటి బారిన పడకుండా ఒక్క ప్రాణి బతికి బట్టకడితే చూపించండి. అప్పుడొచ్చి ముందు బెంచీలో కూర్చుంటా."

ఇప్పుడు పాట లేదు. ఎంతమంది పాట కోసమే వచ్చేవారో ఖాళీ బెంచీలు చెబుతున్నాయి. ఇంట్లో కూడా అవసరమైనంత వరకే మాట. నువ్వు మొక్కల నర్సరీలో పనిచేస్తున్నావు గనక అడుగుతున్నాను, ఎడారిలో పూసే పువ్వు విత్తనాలు పంపు. మొక్కా ప్రాణే కదా. లేఖనమూ నెరవేరుతుంది, ఇల్లూ నిలబడుతుంది.

నీ బావ

తా.క. ఉత్తరం పొడుగైందని మీ అక్కకు రాయకు.

*

బావగారికి నమస్కారాలు,

విత్తనాలు పొట్లంలో పెట్టి పంపుతున్నాను. నలుసుల్లా ఉంటాయి, తుమ్మకుండా విప్పండి. రాళ్ళ సందుల్లో మొలిచే జాతి ఇది. అడుగున చిల్లున్న కుండీలో సగం మట్టి, సగం ఇసుక వేయండి. విత్తనాలు పైన చల్లి, కనబడీ కనబడనట్టు ఇసుక జల్లండి. కిటికీలో ఎండ తగిలేచోట పెట్టండి. మొలకొచ్చేదాకా తడి ఆరనివ్వకండి. మొలకలు కనబడ్డాక మాత్రం నీళ్ళు వదిలెయ్యండి. అసలు కిటుకంతా అక్కడే ఉంది.

మీ బావమరిది

తా.క. ఇసుక అన్నాను కదా అని, ఇసుక మీద ఇల్లు కట్టుకున్నవాడి గురించి నాకు రాయకండి. ఇది ఇల్లు కాదు, కుండీ.

*

ప్రియమైన బావమరిదికి,

మొలకలొచ్చాయి. నువ్వు చెప్పినట్టే నీళ్ళు వదిలాను. చెంబుతో పోస్తే వదిలినట్టు కాదు గనక, స్నానాలగది కుళాయికి పైపు తగిలించి, కిటికీ దాకా లాగి మరీ వదిలాను. రాతిలోంచి నీళ్ళు పారాయని చదివాం గానీ, కుండీలోంచి పారడం నేనే చూశాను. కింద వాటాలో ఉండే టైలరమ్మ తడిసిన జాకెట్టు గుడ్డ పట్టుకుని పైకొచ్చింది.

"పైన ఏం చేస్తున్నారండీ?" అంది.

"ఎడారి పెంచుతున్నానమ్మా" అన్నాను.

"ఎడారయితే నా మిషను ఈదుతోందేం?"

లేఖనంలో జవాబు వెతికాను. జలప్రళయం తప్ప ఏదీ తట్టలేదు. అది చెప్పకుండా వెళ్ళి కుళాయి కట్టేశాను.

కొట్టుకుపోయినవి పోగా మూడు మొలకలు మిగిలాయి. వాటికి ధైర్యంగా ఉంటుందని 'ఎడారి పూయును' అని పెద్ద బోర్డు రాసి కిటికీకి అడ్డంగా కట్టాను. రెండు రంగులు, నీడ అక్షరాలు. అప్పట్నుంచి ఆ గదిలో పట్టపగలే లైటు వేసుకుంటున్నాం.

నీ బావ

తా.క. మీ అక్క చూసి నవ్వింది. నవ్వడం వేరు, రావడం వేరు అని తెలుసు. అయినా రాశాను.

*

బావగారికి నమస్కారాలు,

వదిలెయ్యడమంటే మానెయ్యడమని నా ఉద్దేశం. ఫలానావాడు సిగరెట్లు వదిలేశాడంటాం చూడండి, అలాగన్నమాట. మీరు కుళాయి వదిలారు. తప్పు నాదే. మీకు రాసేటప్పుడు ఒకే అర్థం ఉన్న మాటలు ఏరుకుని రాయాల్సింది.

ముందు ఆ బోర్డు విప్పండి. ఎండ కావాల్సింది మొక్కకి, అక్షరాలకి కాదు. ఇక ఏ గందరగోళం లేకుండా రాస్తున్నాను. ఈ రోజు నుంచి చుక్క నీళ్ళు ముట్టకూడదు. పొద్దున్నే ఎండలో ఉండాలి. కాస్త వాడిపోయినా భయం లేదు, అలా ఎండితేనే లోపల బలం వస్తుంది. మాటలు అనవసరం.

మీ బావమరిది

తా.క. టైలరమ్మకి నా తరఫున క్షమాపణ చెప్పండి. క్లుప్తంగా చెప్పండి.

*

ప్రియమైన బావమరిదికి,

నీలో ఇంత భక్తి ఉందని ఇన్నాళ్ళూ తెలుసుకోలేకపోయాను. ఉపవాసం గురించి నేను ఎందరికో చెప్పాను, నాకు చెప్పినవాడివి నువ్వొక్కడివే. నీ ఉత్తరం శనివారం అందింది. వెంటనే చేతిలో గ్లాసు కింద పెట్టేసి, వెళ్ళి మెట్ల మీద ఎండలో కూర్చున్నాను. టైలరమ్మ తలుపు తీసి, "తడిసింది నేనైతే ఎండుతోంది మీరా?" అంది. మీ అక్క టీ తెచ్చింది. టీలో ఉన్నవి నీళ్ళా కాదా అని అడిగాను. "పాలు" అంది. కానీ నా కళ్ళలోకి చూడలేదు. నేను తాగలేదు.

ఆదివారం లేచి నిలబడితే నాలుక అంగిటికి అంటుకుపోయింది. నాలుగు ముక్కలు చెప్పి కూర్చున్నాను. వింత చూడు, మధ్యలో ఒక్కరూ లేచి వెళ్ళలేదు. పాలవాడు నా చెయ్యి పట్టుకుని, "ఇవాళ బాగా చెప్పారయ్యా, మొదలు నాకింకా గుర్తుంది" అన్నాడు.

మొక్కలు రెండు పోయాయి, ఒకటే ఉంది. నేనేం చెయ్యాలో స్పష్టంగా రాశావు గానీ, మొక్కకేం చెయ్యాలో రాయలేదు. అందుకని దాన్ని ముట్టుకోలేదు. వెంటనే రాయి.

నీ బావ

తా.క. అక్షరాలు వంకరగా ఉంటే అది దాహం.

*

బావగారూ,

ముందు లేచి వెళ్ళి నీళ్ళు తాగండి. మిగతాది తర్వాత చదువుదురుగాని.

తాగారా? ముట్టకూడదన్నది మొక్క. ఎండలో ఉండాలన్నది కుండీ. వాక్యం రాస్తూ కర్తను మరిచిపోయాను. మీకు రాసే ఉత్తరంలో కర్తను మరిచిపోవడం ఎంత పాపమో నాకిప్పుడు తెలిసొచ్చింది. అందుకని మళ్ళీ రాస్తున్నాను. మీరు నీళ్ళు తాగాలి. మొక్క తాగకూడదు. మొక్క ఆకులు ముడతపడినప్పుడు మాత్రం మీరు కుండీ అంచు వెంట ఒక చిన్న గ్లాసు పోయాలి. బోర్డు ఇంకా ఉంటే మీరే విప్పాలి.

మొగ్గ తొడిగితే మీరు ఎవరికీ చెప్పకండి. ఆ పువ్వు పొద్దున ఎండకి విచ్చుకుని, మధ్యాహ్నం దాటితే ముడుచుకుంటుంది. షెడ్డుకి మోసుకెళ్ళారంటే దారిలోనే రాలిపోతుంది. అక్క తనంతట తాను చూడాలి. ఆమె అడిగింది పువ్వుని కాదు బావగారూ, మీరు ఊరుకోవడాన్ని.

మీ బావమరిది

తా.క. ఈ ఉత్తరంలో 'మీరు' అన్నచోటల్లా అది మీరే.

*

ప్రియమైన బావమరిదికి,

ఇన్నాళ్ళూ రాయలేదు. కాగితం ముందు కూర్చుంటే చెప్పకుండా ఉండలేనని రాయలేదు. బోర్డు విప్పేశాను. నువ్వు పొయ్యమన్నప్పుడే నీళ్ళు పోశాను, మిగతా రోజులు చేతులు వెనక్కి కట్టుకుని తిరిగాను. మొగ్గ కనబడిన రోజున గోడ మీద రాద్దామని కుంచె తీసి, మళ్ళీ కడిగి పెట్టేశాను.

నిన్న ఆదివారం, షెడ్డుకి బయలుదేరుతుంటే పూసింది. గోరంత పువ్వు. ముదురు గులాబీ రంగు. నా డబ్బాల్లో ఎన్ని కలిపినా ఆ రంగు రాదు. మూడు ఆదివారాలకి సరిపడా వాక్యం గొంతు దాకా వచ్చింది. మింగేశాను. ఒట్టు పెట్టుకోకూడదని లేఖనం, లేకపోతే పెట్టేవాణ్ణి. మీ అక్క పక్క గదిలోనే ఉంది. పిలవలేదు. చెప్పులేసుకుని వెళ్ళిపోయాను.

వాక్యం మొదలుపెట్టిన కాసేపటికి వాకిట్లో మీ అక్క కనబడింది. నేరుగా వచ్చి ముందు బెంచీలో కూర్చుంది. నేను చెబుతున్న మాట ఎక్కడిదక్కడే ఆపి, "పాట" అన్నాను. ఆమె లేచి నిలబడింది. నా వంక చూసింది. "పాట ఉండనివ్వండి, నాకు చెప్పాల్సింది ఉంది" అంది.

గంటన్నర చెప్పింది. పైపు సంగతి, బోర్డు సంగతి, మెట్ల మీద నేను ఎండిన సంగతి. పొద్దున ఆ పువ్వు చూసి, నేను మాట్లాడకుండా వెళ్ళిపోవడం చూసి, తానూ చెప్పులేసుకుని బయలుదేరానంది. బెంచీలు నవ్వాయి, పాలవాడు కళ్ళొత్తుకున్నాడు, నేను రెండూ చేశాను. దాచడమెందుకు, నాకంటే బాగా చెప్పింది.

వచ్చే ఆదివారం కూడా ఆమే చెప్పాలని అందరూ పట్టుబట్టారు. నేనూ చెయ్యెత్తాను. అంశం అక్కడికక్కడే ప్రకటించింది, 'మా తమ్ముడి చిన్నతనం'. రెండు ఆదివారాలు పడుతుందట. టైలరమ్మ కూడా వస్తానంది.

నేను ఆపలేను. ఊరుకోవడం ఇప్పుడిప్పుడే నేర్చుకున్నవాణ్ణి, చెడగొట్టుకోలేను. నీ తరఫున చెప్పుకునేదేమైనా ఉంటే నువ్వే వచ్చి చెప్పుకోవాలి.

నీ బావ

తా.క. వంటింట్లో గట్టిగా అనుకుంటూ సాధన చేస్తోంది. 'మేక' అన్న మాట రెండుసార్లు వినబడింది. అదేమిటో నాకు తెలియదు, నీకు తెలిసే ఉంటుంది. రేపు చూద్దాంలే అనుకోకు, రేపు ఎవడి చేతిలోనూ లేదు. నర్సరీలో సెలవు పెట్టి, ఉన్న బట్టలతో ఈ రోజే బస్సెక్కు.